తల్లి పాత గాయానికి చికిత్స చేస్తూనే బిడ్డను క్షేమంగా ఉంచడం ఎలా

రెండున్నరేళ్ల పిల్లవాడు చెప్పులు వేయించుకోనని మొండికేశాడు. తల్లి వంగి కాలు పట్టుకోబోతే చేయి విసిరి ఆమె చెంపమీద కొట్టాడు. ఆ దెబ్బలో నొప్పి పెట్టేంత బలమేమీ లేదు. కానీ ఆ క్షణంలో ఆమెకు ఎదురుగా ఉన్నది తన కొడుకన్న స్పృహ పోయింది. గుండె దడదడలాడింది, చెవులు హోరెత్తాయి, చేయి తనంతట తానే పైకి లేచింది. లేచిన చేతిని చూసి పిల్లవాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆమె చేయి దించేసి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని గంటసేపు బయటికి రాలేదు. ఆ గంటసేపూ పిల్లవాడు తలుపు బయట ఒంటరిగా ఏడుస్తూ ఉండిపోయాడు.

ఈ తల్లి ఏ ఒక్కరో కాదు. నేను విన్న అనేకమంది మాటలు కలిపి అల్లిన మనిషి. అలాంటి తల్లుల్లో చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే పిల్లల పెంపకంపై తరగతులకు వెళ్లి ఉంటారు. కొట్టకూడదని, అరవకూడదని, మంచి పని చేసినప్పుడు వెంటనే మెచ్చుకోవాలని వాళ్లకు కంఠోపాఠం. అంతా తెలిసినా ఆ ఒక్క క్షణంలో చేతిని ఆపుకోలేకపోవడమే వాళ్ల బాధ. బిడ్డ ఏడుపును శరీరం ప్రమాద ఘంటికగా తీసుకున్నప్పుడు, నేర్చుకున్న పాఠం గుర్తుకు రావడానికి కావలసిన రెండు మూడు సెకన్ల వ్యవధి కూడా దొరకదు. అందువల్ల తల్లికి ముందు చికిత్స పూర్తి చేసి తరవాత పెంపకం నేర్పుదామన్నా, ముందు పెంపకం నేర్పి గాయం (గతంలో జరిగినది మనసులో మిగిల్చిన దెబ్బ) సంగతి తరవాత చూద్దామన్నా పని జరగదు. రెండూ మొదటి రోజు నుంచీ ఒకే పనిగా నడవాలి. తల్లులతో కూర్చుని పనిచేసే కౌన్సెలర్లు, నర్సులు, సామాజిక కార్యకర్తల కోసం ఆ పని ఎలా నడపాలో ఇక్కడ రాస్తున్నాను.

గాయం పెంపకంలోకి వచ్చే దారులు

హింస, లైంగిక దాడి, ప్రమాదం, ప్రాణం మీదికి తెచ్చిన ప్రసవం వంటి అనుభవాల తరవాత కొందరిలో నెలలు, ఏళ్లు గడిచినా తగ్గని లక్షణాల సముదాయాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే పేరుతో తన వర్గీకరణలో చేర్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దానికి తోడుగా సంక్లిష్ట పీటీఎస్‌డీ అనే మరో నిర్ధారణను గుర్తించింది. చిన్నతనం నుంచి పదే పదే గాయపడినవారిలో ఎక్కువగా కనిపించే ఈ రకంలో, మామూలు లక్షణాలకు తోడు ఉద్వేగాలు అదుపు తప్పడం, తాను దేనికీ పనికిరానన్న భావం పాతుకుపోవడం, దగ్గరివారితో బంధం నిలుపుకోలేకపోవడం ఉంటాయి. నిర్ధారణ పేరు కేసు కాగితానికి అవసరం. ఇంట్లో ఏం జరుగుతున్నదో తెలుసుకోవడానికి మాత్రం ఒక్కో లక్షణమూ పెంపకంలో ఏ రూపం తీసుకుంటున్నదో అడిగి చూడాలి.

పాత సంఘటన కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు ముంచుకొచ్చే ఫ్లాష్‌బ్యాక్ సాధారణంగా బిడ్డ వల్లే మొదలవుతుంది; ఏడుపు స్వరం, పట్టుకు గుంజే చేయి, స్నానం చేయించేటప్పుడు కనిపించే ఒళ్లు, కొన్నిసార్లు తండ్రి పోలికలున్న ముఖం అందుకు చాలు. గుర్తుచేసే వాటికి దూరంగా ఉండే తత్వం ఉన్న తల్లి, తనకు గుర్తుచేసేది సొంత బిడ్డే అయినప్పుడు బిడ్డకే దూరం జరుగుతుంది. పాలు పట్టేటప్పుడు ముఖం తిప్పుకుంటుంది, ఎత్తుకోవలసిన పని మరొకరికి అప్పగిస్తుంది. మొద్దుబారిన మనసు బిడ్డ నవ్వుకు తిరిగి నవ్వలేదు. ఎప్పుడూ ప్రమాదాన్ని కాచుకుని ఉండే మనసు బిడ్డను గడప దాటనివ్వదు, రాత్రంతా ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ కూర్చుంటుంది, మర్నాడు నిద్రలేమితో చిన్నదానికే భగ్గుమంటుంది. ఇవన్నీ ఒకే తల్లిలో ఒకే రోజున కనిపించవచ్చు.

అందరి కన్నా మనం ఎక్కువగా పొరబడేది స్తంభించిపోయే తల్లి విషయంలో. ఆమె కొట్టదు, తిట్టదు, ఫిర్యాదు కూడా రాదు. బిడ్డ ఏడుస్తుంటే గోడకేసి చూస్తూ ఉండిపోతుంది, పిలిస్తే పలకదు, కాసేపటికి తేరుకుని, మధ్యలో ఎంతసేపు గడిచిందో చెప్పలేకపోతుంది. పొయ్యి దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర, రోడ్డు మీద ఆ కాసేపు చాలా ప్రమాదకరం. కాబట్టి కోపం గురించి అడిగినంత శ్రద్ధగా ఈ మాయమైపోయిన సమయం గురించి కూడా అడగాలి.

దెబ్బలు తిన్న పిల్ల పెద్దయ్యాక దెబ్బలు కొట్టే తల్లి అవుతుందన్న మాట జనంలో బాగా నాటుకుంది. తల్లులు కూడా ఆ శాపాన్ని నమ్మే మన దగ్గరికి వస్తారు. 1987లో జోన్ కాఫ్‌మన్, ఎడ్వర్డ్ జిగ్లర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, హింసలో పెరిగిన తల్లిదండ్రుల్లో సుమారు 30 శాతం మందే తమ పిల్లలపై ఆ హింసను కొనసాగిస్తున్నారని అంచనా కట్టారు. అది మిగతావారి కన్నా ఎక్కువే, తేలిగ్గా తీసుకోవలసినది కాదు. అయినా మూడింట రెండు వంతుల మంది ఆ దారి పట్టలేదు. ఈ లెక్కను నేను మొదటి సమావేశంలోనే తల్లికి చెబుతాను, ఎందుకంటే తలరాత అనుకున్న మనిషి చికిత్సకు పూనుకోదు.

మొదటి సమావేశం

తల్లిని ఒంటరిగా కలవాలి. తోడు వచ్చినవారు ఎంత మర్యాదస్తులుగా కనిపించినా కొంతసేపు బయట కూర్చోబెట్టాలి, అందుకు కారణం తల్లి చెప్పవలసిన అవసరం లేకుండా అది మన పద్ధతి అని మనమే చెప్పాలి. బిడ్డకు మాటలు వచ్చే వయసైతే, జరిగిన హింస గురించి బిడ్డ ముందు అడగకూడదు.

గోప్యతకు ఉన్న హద్దును ఆమె నోరు విప్పకముందే చెప్పండి. నేను వాడే మాటలు దాదాపు ఇవి: “అమ్మా, ఇక్కడ మీరు చెప్పేది మన మధ్యే ఉంటుంది. కానీ బిడ్డ ప్రాణానికో మీ ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే నేను మరొకరికి చెప్పాలి. అలా చెప్పవలసి వస్తే ముందు మీకు చెప్పి, వీలైతే మీ ఎదుటే చెబుతాను.” ఈ మాట విన్నాక తల్లులు దాచుకుంటారని కొత్తగా వచ్చినవారు భయపడతారు. నేనూ ఒకప్పుడు అలాగే భయపడి ఆ మాట దాటవేశాను. ఆ తరవాత ఒక తల్లి బిడ్డ వీపు మీద వాతల సంగతి చెప్పినప్పుడు ఆమెకు తెలియకుండా పై అధికారులకు తెలిపాను. చట్టం ప్రకారం నేను చేసింది సరైనదే. ఆమె మాత్రం మళ్లీ ఎవరి దగ్గరికీ చికిత్సకు వెళ్లలేదని తరవాత తెలిసింది. తెలియజేయడం నా తప్పు కాదు, ఆమెకు చెప్పకుండా తెలియజేయడం తప్పు.

హింస గడిచిపోయిందా, ఇంకా జరుగుతున్నదా అన్నది తరవాతి ప్రశ్న, మిగతా ప్రణాళిక అంతా దాని మీద ఆధారపడుతుంది. “ఇప్పుడు మీరు ఎవరికైనా భయపడుతున్నారా? ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నారా, బెదిరిస్తున్నారా, ఎక్కడికీ వెళ్లనివ్వడం లేదా?” అని సూటిగా అడగండి. అవునంటే భార్యాభర్తలిద్దరినీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ జోలికి పోవద్దు. గదిలో ఆమె చెప్పిన మాటకు ఇంటికి వెళ్లాక శిక్ష పడుతుంది. బయటపడవలసి వస్తే ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ కాగితాలు, మందులు, డబ్బు ఎక్కడ దాచి ఉంచాలి, పిల్లలను ఎలా తీసుకెళ్లాలి అన్నవి ఆమెతో కలిసి తేల్చండి. మనం ఇచ్చే కాగితమో పంపే సందేశమో హింసించే మనిషి కంట పడవచ్చునని మరవకండి. భయపడవలసిన మనిషి ఇంట్లో ఉండగా ఆమె అప్రమత్తంగా ఉండటం రోగలక్షణం కానే కాదు, దాన్ని తగ్గించబోవడం ఆమెకు అపకారం.

బిడ్డను కళ్లారా చూడండి. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన గుర్తు ఉంటే, అది ఎంత చిన్నదైనా, ఆ రోజే వైద్యుడు చూడాలి. కదలలేని బిడ్డకు దెబ్బలు వాటంతట అవి తగలవు.

ప్రశ్నావళులు ఉపయోగపడతాయి గానీ మొట్టమొదట వాటితో మొదలుపెట్టడం నాకు నచ్చదు. కాస్త మాట కలిశాక పీటీఎస్‌డీ కోసం 20 ప్రశ్నల పీసీఎల్-5 ఇవ్వవచ్చు. 80కి 31 నుంచి 33 దాటితే పూర్తి పరీక్ష చేయించాలి. ప్రసవమైన ఏడాదిలోపు తల్లులకు కుంగుబాటును కనిపెట్టడానికి 1987లో రూపొందిన 10 ప్రశ్నల ఎడిన్‌బరో కొలమానం కూడా ఇవ్వండి. అందులో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచనల గురించినది. మొత్తం స్కోరు తక్కువగా ఉన్నా ఆ ఒక్క జవాబును విడిగా చూడాలి.

ఆలోచన వేరు, ఉద్దేశం వేరు

ఒక తల్లి గొంతు తగ్గించి, “కత్తి చూస్తే బిడ్డకు తగులుతుందేమో, నేనే ఏమైనా చేస్తానేమో అని బొమ్మ కడుతుంది” అన్నప్పుడు వినేవారు ఏం చేస్తారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. బాలింతల్లో ఇలాంటి చొరబడే ఆలోచనలు చాలా సాధారణం. ఆ ఆలోచనకు ఆమె హడలిపోతూ ఉంటే, దాన్ని అసహ్యించుకుంటూ ఉంటే, కత్తులు దాచేస్తూ బిడ్డను ఒంటరిగా ఎత్తుకోవడానికే వెనకాడుతూ ఉంటే, అది ఆందోళన నుంచి పుట్టిన ఆలోచన. అంత మాత్రాన బిడ్డను ఆమె నుంచి వేరు చేయడం ఆమె భయాన్ని నిజమని ముద్ర వేయడమే అవుతుంది. ఆ సంగతి అక్కడికక్కడే ఆమెకు చెప్పాలి.

దీనికి భిన్నమైన పరిస్థితి ఒకటుంది, దాన్ని గుర్తించడంలో గంట కూడా ఆలస్యం కాకూడదు. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో, వెయ్యి ప్రసవాల్లో ఒకరిద్దరికి, ప్రసవానంతర సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్ర మానసిక స్థితి) వస్తుంది. నిద్ర అవసరమే లేనట్టు ఉండటం, మాట పొంతన తప్పడం, బిడ్డలో దుష్టశక్తి ఉందనో బిడ్డను ఒక ప్రత్యేక పని కోసం పంపారనో నమ్మడం, ఎవరో ఆజ్ఞాపిస్తున్న గొంతులు వినిపించడం దాని గుర్తులు. ఆ ఆలోచనల పట్ల ఆమెకు భయం కాక నమ్మకం ఉంటుంది. అది అత్యవసర వైద్యం; తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి చేర్చాలి. అలాగే కోపంతో, “ఒకరోజు నిజంగానే చేసేస్తాను” అంటూ ఎలా చేస్తుందో కూడా చెబుతున్న తల్లి విషయంలో ఆ పూటే బిడ్డకు మరో సంరక్షకుడు ఉండేలా చూడాలి.

ఆ క్షణం కోసం ఒక కాగితం

అసలు చికిత్స మొదలుకావడానికి ముందే, రెండో సమావేశం ముగిసేసరికి, తల్లి చేతిలో ఒక కాగితం ఉండాలి. అందులో మూడు నాలుగు పంక్తులకు మించకూడదు, ఆమె మాటల్లోనే ఉండాలి. దవడ బిగుసుకుందా, అరచేతులు వేడెక్కాయా, చెవుల్లో హోరు మొదలైందా అన్నది మొదటి పంక్తి. తన శరీరం ముందుగా ఏ సంకేతం ఇస్తుందో ఆమె కనిపెట్టాలి, ఇందుకు ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. సంకేతం కనబడగానే బిడ్డను ఏ చోట దించాలన్నది రెండో పంక్తి. పసిబిడ్డైతే ఖాళీ ఉయ్యాల్లోనో పిల్లల మంచంలోనో వెల్లకిలా పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్లి ఐదు పది నిమిషాలు ఉండి మళ్లీ వచ్చి చూడాలి. బిడ్డ అంతసేపు ఏడిస్తే ఏమీ కాదు. పట్టుకుని ఊపేస్తే మెదడులో రక్తస్రావమై చనిపోవచ్చు, కంటిచూపు పోవచ్చు. ఈ వాక్యాన్ని ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ప్రతి మనిషికీ చెప్పండి. ఏ జబ్బూ లేని పసిపిల్లల ఏడుపు కూడా రెండో నెలలో తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖం పడుతుందని ముందే తెలిసిన తల్లి, ఏమి చేసినా ఊరుకోని ఏడుపును తన చేతకానితనంగా తీసుకోదు.

పక్క గదిలో ఏం చేయాలన్నది మూడో పంక్తి. చల్లటి నీళ్లు ముఖాన కొట్టుకోవడం, పాదాలు నేలకు గట్టిగా అదమడం, కంటికి కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం, ఈ రోజు తేదీ, తన వయసు, బిడ్డ పేరు చెప్పుకోవడం వంటివి ఆమెకు ఏది పనిచేస్తే అది. ఊపిరి మీద మనసు నిలపమని అందరికీ చెబుతుంటారు. గొంతు నులిమిన అనుభవం ఉన్నవారికి అది ఊరటకు బదులు భయాన్ని తెస్తుంది, కాబట్టి అడిగి చూసి వద్దంటే వదిలేయండి. చివరి పంక్తిలో ఒక ఫోన్ నంబరు, ఎత్తేవారిది.

ఈ కాగితం రాసిచ్చి ఊరుకుంటే అది పెంపకం తరగతుల పుస్తకాల పక్కన చేరుతుంది. గదిలోనే ఐదారు సార్లు ఆడి చూపించాలి: దిండును బిడ్డగా అనుకుని, లేచి, దించి, నడిచి వెళ్లి, తిరిగి వచ్చేదాకా. మొదట ఆమె సిగ్గుపడి నవ్వుతుంది. ఫరవాలేదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు కాళ్లకు అలవాటైన దారే గాభరాలోనూ కాళ్లకు దొరుకుతుంది.

నిద్ర సంగతి వేరే చెప్పాలి. వరుసగా నాలుగైదు గంటలు పడుకోని తల్లికి ఏ చికిత్సా అంటదు. రాత్రి ఒక పూట పాలు పట్టడమో బిడ్డను చూడటమో ఎవరు చేస్తారో ఇంటివాళ్లతో కూర్చుని తేల్చడం కూడా చికిత్సలో భాగమే. దీన్ని మనలో చాలామంది చిన్న పనిగా చూస్తాం.

గాయానికి చికిత్స

నెలల తరబడి కేవలం స్థిమితపరుస్తూ కూర్చుని, గాయం జోలికి వెళ్లకుండా తల్లులను తిప్పుకోవడం మన రంగంలో పాత అలవాటు. బిడ్డ ఉన్న తల్లి విషయంలో ఆ కాలయాపన బిడ్డ బాల్యంలోంచి పోతుంది. బయటి ప్రమాదం లేకుండా, ఆత్మహత్య ముప్పు అదుపులో ఉండి, ఆ క్షణం కోసం కాగితం చేతిలో ఉంటే గాయానికి నేరుగా పనిచేసే చికిత్స మొదలుపెట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు గాయంపై దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే చికిత్స), ఈఎండీఆర్‌ను (కళ్లను అటూ ఇటూ కదుపుతూ పాత జ్ఞాపకంపై పనిచేసే చికిత్స) సిఫారసు చేశాయి. మొదటి కోవలోకి ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, భయపెట్టే జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ ఎదుర్కొనేలా ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ వస్తాయి. మొదటిది సాధారణంగా 12 సెషన్లు. రెండోది 8 నుంచి 15, ఒక్కొక్కటి గంటన్నర. శిక్షణ లేకుండా వీటిని చేయబోవద్దు. శిక్షణ ఉన్నవారి దగ్గరికి పంపి, వారితో మాట్లాడుతూ తల్లి వెంట ఉండటం మన పని. సంఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించే పద్ధతి వల్ల మేలు లేదని తేలింది, దాన్ని ఎవరూ సిఫారసు చేయడం లేదు.

తల్లికి ఈ చికిత్స చేసేటప్పుడు పుస్తకాల్లో అంతగా కనబడని కొన్ని ఏర్పాట్లు కావాలి. సెషన్ సమయంలో బిడ్డను ఎవరు చూస్తారో తేలాలి. సెషన్ అయిన వెంటనే ఆమె ఒంటరిగా బిడ్డ బాధ్యత తీసుకోకుండా ఒక గంట ఖాళీ ఉండాలి, ఎందుకంటే జ్ఞాపకం తెరుచుకున్న రోజున లక్షణాలు కొంత పెరగడం సహజం. ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసం బిడ్డ నిద్రపోయిన వేళకే సరిపోవాలి. రికార్డు చేసిన సెషన్‌ను వినే అభ్యాసమైతే పిల్లల చెవిన పడకూడదు.

కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో మనసు ఇరుక్కుపోయిన నమ్మకాలను ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టి పరిశీలిస్తారు. తల్లుల్లో ఆ నమ్మకాలు చాలావరకు బిడ్డ చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఒక తల్లి, “వాడు కావాలనే నన్ను రెచ్చగొడతాడు” అని రాసింది. దానికి ఆధారం ఏమిటని అడిగితే, “నేను వద్దన్న పనే చేసి నా ముఖంలోకి చూస్తాడు” అంది. ఆ చూపుకు ఇంకే అర్థమైనా ఉండవచ్చా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “మా నాన్న కొట్టబోయే ముందు నేనూ అలాగే చూసేదాన్ని, కోపం ఎంతుందో తెలుసుకోవడానికి” అంది. ఆ వారం కాగితం మీద పాత వాక్యం కొట్టేసి, కింద వణుకుతున్న అక్షరాలతో “వాడు నాకు భయపడి చూస్తున్నాడేమో” అని రాసుకుంది. ఆ వాక్యం ఆమెను ఏడిపించింది. అదే వారంలో చేయి లేవని రోజులు నాలుగు వచ్చాయి.

మందుల సంగతి సైకియాట్రిస్టు తేల్చాలి. పీటీఎస్‌డీకి సెర్ట్రలిన్ వంటి మందులు వాడతారు. అది తల్లిపాలలోకి చాలా తక్కువగా చేరుతుంది కనుక పాలిచ్చే తల్లుల్లో తరచూ ఎంచుకుంటారు. తనంతట తాను మందు మానేసిన తల్లి కారణం సాధారణంగా పాల భయమే, కాబట్టి ముందే మాట్లాడండి. నిద్ర కోసం, గాభరా కోసం ఇచ్చే డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ జాతి మందులు పీటీఎస్‌డీని తగ్గించవు, అలవాటు పడతాయి. వాటి మత్తులో బిడ్డ పక్కన పడుకోవడం బిడ్డ ప్రాణానికే ముప్పు.

తల్లినీ బిడ్డనూ కలిపి

తల్లి లక్షణాలు తగ్గినంత మాత్రాన ఇద్దరి మధ్య పాతబడిన అలవాటు తనంతట తాను మారదు. 1975లో సెల్మా ఫ్రైబర్గ్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశీలన ఈ రంగానికి పునాది: తల్లి తన చిన్ననాటి ఏడుపును ఎవరైనా విన్నట్టు ఒక్కసారి అనుభవించిన తరవాతే తన బిడ్డ ఏడుపు వినగలిగింది. ఆ దారిలోనే అలీషియా లీబర్‌మన్ తదితరులు అయిదేళ్లలోపు పిల్లల కోసం తల్లీబిడ్డలను ఒకే గదిలో కూర్చోబెట్టి చేసే చికిత్సను రూపొందించారు. అది వారానికొకసారి చొప్పున సుమారు ఏడాది సాగుతుంది. రెండు నుంచి ఏడేళ్ల పిల్లలకు షీలా ఐబర్గ్ రూపొందించిన పద్ధతి వేరు. తల్లి బిడ్డతో ఆడుతుంటే, థెరపిస్టు అద్దం వెనక నుంచి ఆమె చెవిలోని పరికరం ద్వారా అప్పటికప్పుడు మాట అందిస్తారు. పిల్లలను కొట్టినట్టు నమోదైన తల్లిదండ్రులపై మార్క్ షాఫిన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఈ పద్ధతి పొందినవారిలో 19 శాతం మందిపైనే మళ్లీ ఫిర్యాదు వచ్చింది. మామూలు పెంపకం తరగతులకు వెళ్లినవారిలో అది 49 శాతం. తరగతిలో విన్న మాటకూ, బిడ్డ చేయి విసిరిన క్షణాన చెవిలో పడిన మాటకూ తేడా అది.

పరికరాలు లేనివారు ఫోన్‌తోనే వీడియో పద్ధతి చేయవచ్చు. తల్లి అనుమతితో ఐదు నిమిషాల ఆట, కొద్ది నిమిషాల ఎడబాటు, మళ్లీ కలవడం తీసి, అందులోంచి ఒక మంచి క్షణాన్ని ముందుగా, కష్టమైన క్షణాన్ని తరవాత ఆమెతో కలిసి చూడండి. తప్పులు ఎత్తిచూపకండి, ప్రశ్నే అడగండి. ఒక తల్లి తలుపు తీసుకుని లోపలికి వచ్చిన క్షణంలో బిడ్డ బొమ్మను నేలకేసి కొట్టాడు. “చూశారా, నేనంటే వీడికి పడదు” అంది. ఆపి, పది సెకన్లు వెనక్కి తిప్పాను. ఆమె బయట ఉన్నంతసేపూ బిడ్డ ఆ బొమ్మను ఛాతీకి హత్తుకుని తలుపు వైపే చూస్తున్నాడు. ఆమె ఆ తెరను తనే మళ్లీ రెండుసార్లు వెనక్కి తిప్పుకుని చూసింది.

తల్లులకు మరో లెక్క చెప్పండి. తల్లీబిడ్డల ముఖాముఖి ఆటలను క్షణక్షణం గమనించిన ఎడ్వర్డ్ ట్రోనిక్, మామూలు జంటల్లో కూడా ఇద్దరి భావాలూ కలిసి ఉండే సమయం సుమారు 30 శాతమేనని, మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుసుకోవడమేనని చూపాడు. ఎప్పుడూ తప్పకుండా ఉండాలన్న పట్టుదల గాయపడిన తల్లిని తొందరగా కుంగదీస్తుంది. తప్పిన తరవాత తిరిగి రావడం నేర్పాలి. అరిచేసిన తల్లి తేరుకున్నాక బిడ్డ ఎత్తుకు వంగి, “అమ్మ గట్టిగా అరిచింది, నీకు భయమేసింది కదా కన్నా. తప్పు నీది కాదు. అమ్మ నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకుంటోంది” అంటే చాలు. “నువ్వు అలా చేయబట్టే కదా” అన్న ముక్క చివర అంటుకుంటే అంతకుముందు చెప్పినదంతా పోతుంది. “అమ్మ చెడ్డది, అమ్మను వదిలేయ్” అని బిడ్డ ఒళ్లో ఏడిస్తే ఓదార్చే భారం బిడ్డ మీద పడుతుంది. ఈ రెండూ తల్లులు నిజంగా అనే మాటలే కనుక గదిలో గట్టిగా పలికించి సరిచేయాలి.

చికిత్స మధ్యలో చేయి లేస్తే

లేస్తుంది, చాలామందికి. అది విన్నప్పుడు మన ముఖం ఎలా ఉంటుందన్నది ఆమె గమనిస్తూనే ఉంటుంది. ముందు బిడ్డ ఎలా ఉన్నాడో అడిగి, అవసరమైతే అదే రోజు వైద్యుడికి చూపించాలి. తెలియజేయవలసిన స్థాయి గాయమైతే మొదటి రోజు ఇచ్చిన మాట ప్రకారం ఆమెకు చెప్పి, ఆమె ఎదుటే ఫోన్ చేసి, ఆమె చికిత్సలో ఉన్న సంగతీ, దాచకుండా తనే చెప్పిన సంగతీ కూడా ఆ ఫోన్‌లోనే చెప్పాలి. తరవాత ఆ పది నిమిషాలను నెమ్మదిగా వెనక్కి తిప్పి, శరీరం మొదటి సంకేతం ఎక్కడ ఇచ్చిందో, కాగితంలోని ఏ పంక్తి పనిచేయలేదో వెదికి, ఆ పంక్తిని మార్చి రాయాలి.

ముగింపు సమావేశం

నాలుగు వారాలకొకసారి పీసీఎల్-5 మళ్లీ ఇస్తూ స్కోరు చూసుకోండి. దానితో పాటు ఇంటి లెక్క కూడా పెట్టుకోండి: ఈ వారం బిడ్డను దించి నడిచి వెళ్లిన సార్లు, అరిచిన తరవాత తిరిగి వచ్చిన సార్లు. తల్లి స్కోరు తగ్గిన తరవాత కూడా కొన్ని నెలలపాటు బిడ్డ చేయి చూసి ముడుచుకోవచ్చు, మరింత మొండికేయవచ్చు, ఇప్పటికి ఏడ్వడం క్షేమమని తెలిసి ఎక్కువ ఏడ్వవచ్చు కూడా. ఆ సంగతి ముందే చెప్పకపోతే తల్లి తన చికిత్స వృథా అయిందనుకుంటుంది.

విడిచిపెట్టే ముందు మళ్లీ ఎప్పుడు ఇబ్బంది రావచ్చో కలిసి రాయండి. సంఘటన జరిగిన తేదీ, మరో గర్భం, హింసించిన మనిషి తిరిగి రావడమో చనిపోవడమో, కోర్టు పిలుపు వంటివి ఆమెకు తట్టినవి. ఒకటి మాత్రం చాలామందికి తట్టదు, మనమే అడగాలి: “మీకు ఇది జరిగినప్పుడు మీ వయసెంత?” ఏడేళ్లంటే, కూతురికి ఏడేళ్లు వచ్చేసరికి, అప్పటిదాకా బాగున్న తల్లి ఒక్కసారిగా పిల్లను స్నానానికి కూడా ఒంటరిగా పంపలేకపోవచ్చు, లేదా పిల్ల ముఖం చూడలేకపోవచ్చు. అది వచ్చినప్పుడు పిచ్చి పట్టిందనుకోకుండా ఫోన్ చేసేలా, పిల్ల ఏడో పుట్టినరోజు పడే సంవత్సరాన్ని పాత కాగితం వెనక వైపు ఆమె చేతనే రాయించి, పక్కన మన నంబరు రాసి ఇవ్వండి.